నాణెం మ్యాజిక్‌లో ఒడుపూ కిటుకూ: తరచుగా అడిగే ప్రశ్నలు

నాణేలతో మ్యాజిక్ మొదలుపెట్టినవాళ్ళు అడిగేవీ, కాస్త చెయ్యి తిరిగాక అడిగేవీ ఇక్కడ కలిపి ఉన్నాయి. నాణేన్ని దాచడం గురించి కొంత చెప్పాను. దాచామన్న సంగతిని దాచడం గురించి చాలా ఎక్కువ చెప్పాను. మొదటిది కొన్ని నెలల్లో వస్తుంది. ఏళ్ళు తినేది రెండోదే.

హస్తలాఘవం అంటే కంటికి అందనంత వేగమేనా?

కాదు. చేతి వేగం కంటిని మించిపోతుందన్న మాట వినడానికి బాగుంటుంది, అంతే. చటుక్కున కదిలిన దాని మీదికి మనిషి చూపు దానంతటదే పోతుంది. మీ చెయ్యి ఒక్కసారిగా ఉలిక్కిపడినట్టు కదిలితే నాణెం ఎటు పోయిందో ఎదుటివాళ్ళకు తెలియకపోవచ్చు గానీ, అక్కడేదో చేశారని మాత్రం ఖాయంగా తెలుస్తుంది. అది తెలిశాక మ్యాజిక్ అయిపోయినట్టే.

బాగా చేసేవాళ్ళ చేతులు గమనించండి, తాపీగా ఉంటాయి. రహస్యంగా జరగాల్సిన చిన్న కదలికను అందరికీ కనిపించే పెద్ద కదలిక కడుపులో పెడతారు. బల్ల మీది పెన్ను అందుకోవడానికి చెయ్యి చాపుతున్నారనుకుందాం. ఆ చాపడంలోనే నాణెం వేళ్ళ మీంచి అరచేతిలోకి చేరిపోతే, చూసేవాళ్ళకు గుర్తుండేది పెన్ను అందుకోవడం ఒక్కటే. వేళ్ళు ఎంత తక్కువ కదిలితే అంత మంచిది. వేగం అవసరమైన కదలికలు కొన్ని లేకపోలేదు, కానీ అక్కడ కూడా బయటికి కనిపించే చెయ్యి నిదానంగానే ఉండాలి.

ఒడుపు వేరు, కిటుకు వేరు అంటారు. రెండింటికీ తేడా ఏమిటి?

నాణేన్ని రహస్యంగా పట్టుకోవడం, ఒక చోటు నుంచి ఇంకో చోటుకు చేర్చడం, ఇచ్చినట్టు చేసి ఇవ్వకపోవడం, ఇవన్నీ చేతి ఒడుపు. కిటుకు నాణేన్ని ఎక్కడికీ కదపదు. అది అక్కడ లేదన్న నమ్మకం కలిగిస్తుంది, అంతవరకే.

కుడి అరచేతిలో నాణెం ఉంది, చెయ్యి వెనక భాగం జనం వైపు ఉంది. రెండు మూడు క్షణాలు ఎవరికీ ఏమీ అనిపించదు. ఇంకాస్త గడిస్తే "ఆ చేతిని తిప్పడం లేదేమిటి" అన్న ఆలోచన ఒకరికైనా వస్తుంది. ఆ ఆలోచన రాకముందే మీరు ఆ చేతి వేలి కొసలతోనే ఎడమ చేతి చొక్కా మడత సర్దుకున్నారు, లేదా బల్ల మీది గ్లాసును పక్కకు జరిపారు. నాణెం ఉన్న చెయ్యి మామూలు పని చేసింది కాబట్టి అది ఖాళీదే అని చూసేవాళ్ళ మనసు తనంతట తానే తేల్చేసుకుంటుంది. మీరు ఒక్క మాట కూడా అనలేదు. కిటుకంటే అదీ.

ఒడుపు మీద నెలలు పెట్టి కిటుకు మీద ఒక్క గంట కూడా పెట్టనివాళ్ళే ఎక్కువ. వాళ్ళ నాణెం కనిపించదు, కానీ ఎక్కడుందో అందరికీ తెలుసు.

పామింగ్‌లో, అంటే నాణేన్ని చేతిలో దాచి పట్టుకోవడంలో, ముందు ఏది నేర్చుకోవాలి?

ఫింగర్ పామ్. నడిమి వేలు, ఉంగరం వేలు అరచేతిని కలిసే చోట నాణేన్ని పెట్టి, ఆ రెండు వేళ్ళూ కొద్దిగా ముడిస్తే చాలు, నిలుస్తుంది. ఏ పనీ లేకుండా పక్కన వేలాడే చెయ్యి ఎలాగూ వేళ్ళు కొంచెం ముడుచుకునే ఉంటుంది. కాబట్టి ఇందులో నటించాల్సింది చాలా తక్కువ. చాలామంది దీన్ని తేలికని చిన్నచూపు చూసి దాటేస్తారు. వృత్తిగా చేసేవాళ్ళు మాత్రం దీన్ని చివరిదాకా వదలరు.

తర్వాత క్లాసిక్ పామ్. బొటనవేలి కింది కండకూ, చిటికెన వేలి వైపు ఉన్న కండకూ మధ్య, అరచేతి నడిబొడ్డున నాణెం అంచులు నొక్కుకుని నిలవడం ఇది. వేళ్ళన్నీ స్వేచ్ఛగా ఉంటాయి. అందుకే దీనికంత విలువ.

థంబ్ పామ్‌లో నాణెం బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందులో అంచు మీద నిలుస్తుంది. నెల్సన్ డౌన్స్ అనే మెజీషియన్ పేరుతో పిలిచే డౌన్స్ పామ్‌లోనూ నాణెం ఆ సందులోనే ఉంటుంది, కాకపోతే అరచేతి ముఖానికి అడ్డంగా, నేలకు సమాంతరంగా పడుకుని ఉంటుంది. ముందు నుంచి సూటిగా చూస్తే చెయ్యంతా ఖాళీగా కనిపిస్తుంది. పై నుంచి చూస్తే మాత్రం గుట్టు రట్టే. ఈ రెండూ తర్వాత చూసుకోవచ్చు.

క్లాసిక్ పామ్‌లో నాణెం జారిపోతోంది. నా చెయ్యి దీనికి పనికిరాదా?

దాదాపు ఎవరి చెయ్యైనా పనికొస్తుంది. సమస్య సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది. మొదటిది స్థానం. నాణెం అనుకున్నదానికన్నా అర సెంటీమీటరు పైకో కిందికో ఉండాలి, అది ప్రతి చేతికీ వేరు. నాణేన్ని నడిమి వేలి కొస, ఉంగరం వేలి కొసల మీద పెట్టి, ఆ వేళ్ళతోనే అరచేతిలోకి నొక్కండి. ఎక్కడ దానంతటదే అంటుకున్నట్టు నిలిచిందో అదే మీ చోటు. రెండోది, బాగా పొడిబారిన చర్మం. కొద్దిపాటి తేమ పట్టును పెంచుతుంది, మరీ చెమట పడితే మళ్ళీ జారుతుంది. మూడోది, భయం కొద్దీ గట్టిగా బిగించడం. కావాల్సిన ఒత్తిడి నిజానికి చాలా తక్కువ. బొటనవేలు లోపలికి వంగి, చిటికెన వేలు కొయ్యలా నిలబడిందంటే మీరు అవసరానికి రెండింతలు బిగిస్తున్నారన్నమాట.

దీనికోసం విడిగా టైమ్ పెట్టుకోవడం కన్నా నాణేన్ని చేతిలో పెట్టుకుని మామూలు పనులు చేసుకోవడం మేలు. పుస్తకం పేజీలు తిప్పండి, కీబోర్డు మీద టైప్ చెయ్యండి, తలుపు తెరవండి. మొదట్లో గంటకు పదిసార్లు కింద పడుతుంది. పరుపు మీదో, దుప్పటి పరిచిన బల్ల దగ్గరో కూర్చుంటే ఇంట్లోవాళ్ళ ఓపిక కొంచెం ఎక్కువ రోజులు నిలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ ఐంద్రజాలికుడు రాబర్ట్ హుడాన్ రోడ్డు మీద నడుస్తూ కూడా కోటు జేబుల్లో చేతులు పెట్టి సాధన చేసేవాడట. ఆ పద్ధతి నేటికీ పాతబడలేదు.

నాణెం ఎవరికీ కనిపించడం లేదు. అయినా "ఆ చేతిలో ఉంది" అంటున్నారు. ఎందుకు?

చెయ్యి చెప్పేస్తోంది కాబట్టి. అసలు ఈ విద్యలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే.

నాణెం దాచిన చెయ్యి తప్పు చేసినదానిలా ప్రవర్తిస్తుంది. ఒంటికి కొంచెం దగ్గరగా వస్తుంది. ఎక్కడా ఆనకుండా గాలిలో ఆగిపోతుంది. వేళ్ళ మధ్య సందులు మూసుకుంటాయి. బొటనవేలు అతుక్కుపోతుంది. రెండో చెయ్యి మాట్లాడుతూ తిరుగుతుంటే ఇది మాత్రం బిగుసుకుని ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ చూసేవాళ్ళు పనిగట్టుకుని గమనించరు. కానీ అన్నీ కలిసి మనసులో ఒక చిన్న అనుమానం వేస్తాయి. కారణం అడిగితే వాళ్ళు చెప్పలేరు. "ఏమో, అలా అనిపించింది" అంటారు.

దీనికి మందు నాణెం ఉన్న చేతిని సరిచెయ్యడంలో లేదు, ఖాళీ చేతిని చదవడంలో ఉంది. చేతిలో ఏమీ దాచకుండా ట్రిక్ మొత్తం ఒకసారి నిజంగా చెయ్యండి. నాణేన్ని నిజంగానే ఎడమ చేతిలో పెట్టి, కుడి చెయ్యి ఆ తర్వాత ఏం చేసిందో చూడండి. బల్ల మీద వాలిందా? తొడ మీదికి పోయిందా? వేళ్ళు ఎంత తెరుచుకున్నాయి? ఆ తర్వాతే దొంగ పద్ధతిలో చేసి, అచ్చం అదే చెయ్యి వచ్చేదాకా దిద్దుకోండి. గత శతాబ్దంలో దగ్గర కూర్చుని చేసే మ్యాజిక్‌కు గురువుగా ఎందరో భావించిన డై వెర్నన్ (1894–1992) జీవితమంతా బోధించింది ఈ సహజత్వాన్నే. అయితే ఇక్కడొక మెలిక ఉంది. సహజమంటే మీకు సహజమైనది. చేతులు తిప్పుతూ మాట్లాడే మనిషి ట్రిక్ చేసేటప్పుడు ఒక్కసారిగా నెమ్మదస్తుడైపోతే అదే అనుమానం. ఎవరి వీడియోనో చూసి వాళ్ళ చేతి వంపు యథాతథంగా దించుకుంటే, అది మీ ఒంటి మీద అరువు చొక్కాలా వేలాడుతుంది.

ఇంకో సంగతి. నాణెం తనలో ఉన్నట్టు ఆ చేతికి తెలియకూడదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, బరువు అలవాటయ్యేదాకా నాణెంతో తిరిగితే నిజంగానే అలా జరుగుతుంది. తాళం తీసి లోపలికొచ్చి కూర్చున్నాక "అరే, ఇంకా చేతిలోనే ఉందే" అనిపించిన రోజు నుంచి మీ చేతి ప్రవర్తన మారిపోతుంది.

నాణెం ఉంచుకునే చెయ్యి ఖాళీగా చూపించవచ్చా?

చూపించవచ్చు, పూర్తిగా కాదు. స్కాట్లాండ్‌లో కిరాణా వ్యాపారం చేసుకుంటూనే మెజీషియన్లనే బోల్తా కొట్టించిన జాన్ రామ్‌సే (1877–1962) పేరుతో ఒక ప్రసిద్ధమైన కిటుకు ఉంది. నాణెం ముడిచిన వేళ్ళ లోపల ఉంటుంది. అరచెయ్యి చాలా భాగం చూసేవాళ్ళ వైపే ఉంటుంది. వేళ్ళు వదులుగా వంగి ఉండడంతో నాణెం వాటి వెనక పడిపోతుంది. చూసేవాళ్ళకు అరచెయ్యి కనిపించింది, వేలి కొసలు కనిపించాయి. మిగిలిన ఖాళీని మనసే పూరించుకుని "చెయ్యి మొత్తం చూశాను" అనుకుంటుంది.

మూడుసార్లు ప్రపంచ మ్యాజిక్ పోటీల గ్రాండ్ ప్రి గెలిచిన డచ్ కళాకారుడు ఫ్రెడ్ కాప్స్ పేరుతోనూ, మాక్స్ మలీని అనే మెజీషియన్ పేరుతోనూ ఇలాంటి కిటుకులు వాడుకలో ఉన్నాయి. పద్ధతులు వేరు గానీ అన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే: అడ్డంగా ఉన్న దాని వెనక ఏముందో మనకు కనిపించనప్పుడు, కారణం లేకపోతే అక్కడ ఏమీ లేదనే అనుకుంటాం.

వాడే తీరులోనే అంతా ఉంది. చేతిని ఆపి, చాపి, "చూడండి" అన్నట్టు పట్టుకుంటే కిటుకు చచ్చిపోతుంది. ఎడమ చేతిని చూపుడు వేలితో చూపిస్తున్నప్పుడో, ఒక మాట మీద భుజాలెగరేస్తున్నప్పుడో కుడి అరచెయ్యి ఒక్క క్షణం అలా తెరుచుకుని పోవాలి. వాళ్ళు చూశారో లేదో మీరు పట్టించుకోకూడదు. ఒకే ట్రిక్‌లో మూడుసార్లు ఇలా తెరిచి చూపించడం కూడా అతి. ఒక్కసారి చాలు. అసలు అవసరం లేని చోట వద్దే వద్దు.

"నా చేతులు ఖాళీ" అని చెప్పాలా?

వద్దు. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాణ్ణి ఎవరైనా అనుమానిస్తారు. అలాగే "ఇది మామూలు నాణెమే" అని కూడా అనకండి. వాళ్ళ చేతికిచ్చి, తేదీ ఏముందో చదవమనండి. తేదీ చదివిన మనిషి నాణేన్ని పరీక్షించినట్టే.

ఫ్రెంచ్ డ్రాప్ అందరికీ తెలిసిపోయింది. ఇంకా పనిచేస్తుందా?

పద్ధతి తెలిసినంత మాత్రాన పనిచెయ్యకుండా పోదు, దాన్ని చేసే తీరు వల్ల పోతుంది. ఎడమ చేతి వేలి కొసల మధ్య నాణేన్ని అంచులతో పట్టుకుంటారు. కుడి చెయ్యి దాన్ని తీసుకోవడానికి వస్తుంది, బొటనవేలు కింది నుంచి, మిగతా వేళ్ళు పై నుంచి. వేళ్ళు అడ్డుపడగానే నాణెం ఎడమ చేతిలోకే జారిపోతుంది. కుడి చెయ్యి ఖాళీ పిడికిలితో వెళ్ళిపోతుంది. ఇందులో అసలు లోపం ఏమిటంటే, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి నాణేన్ని నిత్యజీవితంలో ఎవరూ ఇలా తీసుకోరు. కాబట్టి ముందు రెండుసార్లు నిజంగానే ఇలా తీసుకుని చూపిస్తే, అది మీ అలవాటని వాళ్ళ కళ్ళు ఒప్పుకుంటాయి. మూడోసారి నాణెం రాకపోయినా కళ్ళకు తేడా తెలియదు.

రిటెన్షన్ పాస్ అనేది దీనికన్నా అందమైనది. కుడి వేళ్ళతో నాణేన్ని ఎడమ అరచేతిలో పెడతారు. ఎడమ వేళ్ళు ముడుచుకుంటూ ఉండగా చివరి క్షణం దాకా నాణెం మెరుస్తూ కనిపిస్తుంది. వేళ్ళు కప్పేసిన ఆ క్షణంలో కుడి చెయ్యి నాణేన్ని తనతోపాటే బయటికి తెచ్చేస్తుంది. మెరుపు కంటిలో మిగిలిపోయి, నాణెం లోపలే ఉండిపోయిందన్న భావన కలుగుతుంది. చాలామంది దీన్ని పాడుచేసేది కుడి చేతిని గుంజుకోవడంతో. ఆ చెయ్యి వెళ్ళిపోనక్కర్లేదు. ఎడమ చెయ్యే పిడికిలి మూసుకుని, పైకీ పక్కకూ కదిలిపోవాలి. కుడి చెయ్యి ఉన్నచోటే పని లేనట్టు మిగిలిపోవాలి. ఏది కదిలితే చూపు దాని వెంటే పోతుంది.

రెండింటిలోనూ అందరూ మర్చిపోయేది కారణం. నాణేన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చడం ఎందుకు? మాయం చెయ్యడానికే మార్చారని అనిపిస్తే, చూసేవాళ్ళు వెంటనే వెనక్కి ఆలోచించి మొదటి చేతిని చూస్తారు. కుడి చేత్తో పెన్ను తీసుకోవాలి కాబట్టి నాణెం ఎడమ చేతిలోకి మారింది అంటే, మార్పిడి ఒక లెక్కలోకి రాని పనైపోతుంది. పెన్ను తీయడానికి జేబులోకి వెళ్ళిన చెయ్యి నాణేన్ని అక్కడే వదిలి రావచ్చు, అది అదనపు లాభం.

మార్చాక వెంటనే పిడికిలి తెరవాలా, ఆగాలా?

కొంచెం ఆగాలి. నాణెం ఎడమ చేతిలో ఉందన్న నమ్మకం కుదురుకోవడానికి ఒకటి రెండు క్షణాలు కావాలి. ఈలోగా పిడికిలిని కొద్దిగా నలపండి, లోపల ఏదో ఉన్నట్టు. మరీ ఎక్కువసేపు ఆగితే మాత్రం జనం మొదటి చేతి గురించి ఆలోచించడం మొదలుపెడతారు. తెరిచేటప్పుడు ఒక్కసారిగా చాపకుండా, చిటికెన వేలి నుంచి ఒక్కొక్క వేలూ విప్పితే మధ్యలోనే నాణెం కరిగిపోయినట్టు ఉంటుంది.

నా చూపు ఎక్కడుండాలి?

నాణెం ఉండాల్సిన చోట. ఎదుటివాళ్ళు దేన్ని చూడాలనుకుంటే దాన్ని మీరే చూడాలి, మిమ్మల్ని చూడాలంటే మీరు వాళ్ళను చూడాలి అని రామ్‌సే చెప్పేవాడంటారు. నమ్మకంగా వాడుకోవచ్చు. కానీ చూపు ఒక్కటే అన్నిటినీ కాపాడుతుందనుకోవద్దు. ఈ విషయం మీద జరిగిన పరిశోధన ఆసక్తిగా ఉంటుంది.

2006లో గుస్తావ్ కూన్, మైఖేల్ ల్యాండ్ అనే పరిశోధకులు ఒక బంతి ట్రిక్‌ను పరీక్షించారు. బంతిని రెండుసార్లు నిజంగా ఎగరేసి, మూడోసారి ఎగరేసినట్టు చేస్తే, మెజీషియన్ తల కూడా పైకెత్తి చూసినప్పుడు దాదాపు మూడింట రెండు వంతుల మందికి లేని బంతి పైకి పోయినట్టే కనిపించింది. అతను చేతి వైపే చూసినప్పుడు ఆ సంఖ్య సగానికి పడిపోయింది. ఇంకా తమాషా ఏమిటంటే, వాళ్ళ కళ్ళు ఆ లేని బంతి ఉన్నచోటుకు వెళ్ళనే లేదు. మెజీషియన్ ముఖం చూసి, మిగతాది మనసు అల్లుకుంది.

దీన్నిబట్టి చూపే సర్వస్వం అనుకుంటామా, 2011లో మాక్ కింగ్ అనే మెజీషియన్ చేసే నాణెం ట్రిక్ మీద జరిగిన పరిశోధన వేరే సంగతి చెప్పింది. అతను కుడి చేతిలో నాణేన్ని ఎగరేస్తూ ఎడమ చేతిలోకి విసిరినట్టు చేస్తాడు. అతని ముఖం కనిపించినా, కప్పేసినా చూసేవాళ్ళు ఒకేలా మోసపోయారు. అక్కడ చేతుల పనే అంత బలమైనది. ఈ రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: చేతులు సరిగ్గా ఉంటే చూపు దానికి తోడవుతుంది. చేతులు సరిగ్గా లేకపోతే చూపుతో కప్పిపుచ్చలేం.

అదే ఏడాది జేబులు కొట్టే ఆటలో పేరున్న అపోలో రాబిన్స్‌తో కలిసి చేసిన ఇంకో పరిశోధనలో, చెయ్యి వంపు తిరుగుతూ కదిలితే జనం చూపు దాని వెంటే పోతుందనీ, తిన్నగా గీత గీసినట్టు కదిలితే చూపు బయల్దేరిన చోటుకు తిరిగి వస్తుందనీ తేలింది. నాణెం మార్చాక ఎడమ పిడికిలిని విల్లులా వంపు తిప్పుతూ తీసుకుపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

అసలు రహస్యమైన పని ఏ క్షణంలో చెయ్యాలి?

ఎవరికీ అది ముఖ్యమని అనిపించని క్షణంలో. ట్రిక్ మొదలవ్వకముందు, ఒక దశ ముగిసి అందరూ నవ్వుతున్నప్పుడు, మీరు కుర్చీలో వెనక్కి వాలుతున్నప్పుడు. ముందుకు వంగితే చూసేవాళ్ళు బిగుసుకుంటారు, వెనక్కి వాలితే వాళ్ళూ వదులవుతారు. టోనీ స్లైడిని అనే మెజీషియన్ బల్ల దగ్గర కూర్చుని చేసిన మ్యాజిక్ అంతా ఈ బిగింపు-సడలింపు లయ మీదే నడిచేది. "ఇప్పుడు చూడండి" అని మీరు అనే సమయానికి అంతా అయిపోయి ఉండాలి.

ఒక చేతిలోని నాలుగు నాణేలు ఒక్కొక్కటీ రెండో చేతిలోకి ప్రయాణించే ట్రిక్ దీనికి చక్కని ఉదాహరణ. ఎడమ చేతిలో నాలుగున్నాయని అందరూ అనుకుంటున్నప్పటికే ఒకటి కుడి చేతికి చేరిపోయి ఉంటుంది. మీరు చిటికె వేసి ప్రయాణం ప్రకటించేటప్పుడు చేతులు నిజంగానే ఏమీ చెయ్యవు. ఎంత దగ్గరగా చూసినా దొరకదు, దొరకడానికి అక్కడేమీ జరగడం లేదు. ఆ నాణేన్ని చూపించి, అందరూ ఆశ్చర్యపోతూ ఉండగా రెండోది బయల్దేరుతుంది. ఇలా మెజీషియన్ ఎప్పుడూ ఒక అడుగు ముందుంటాడు. నా మటుకు నాకు నాణేల మ్యాజిక్‌లో ఇంతకన్నా తెలివైన ఆలోచన లేదు.

నాణేలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. ఏం చెయ్యాలి?

రెండు నాణేలు రహస్యంగా ఒకే చేతిలో చేరేటప్పుడు వచ్చే ఆ చిన్న "టిక్" అన్నిటినీ పాడుచేస్తుంది. నాణెం మీద నాణెం పడనివ్వకుండా, అంచు ఆనించి నెమ్మదిగా పడుకోబెట్టాలి. అరిగిపోయిన పాత వెండి నాణేలు కొత్తవాటి కన్నా మెత్తగా మోగుతాయి, అందుకే వాటికంత గిరాకీ. ఇంకో దారి, బయటికి వినిపించాల్సిన చప్పుడు సరిగ్గా అదే సమయంలో చెయ్యడం. ఎడమ చేత్తో ఒక నాణేన్ని బల్ల మీద పెడుతున్నప్పుడే కుడి చేతిలోవి కలిస్తే ఎవరికీ రెండో చప్పుడు వినబడదు.

చప్పుడు శత్రువే కాదు, సాక్ష్యం కూడా. కంటితో చూసినదానికన్నా చెవితో విన్నదాన్ని జనం తక్కువ అనుమానిస్తారు. క్లిక్ పాస్ అనే పద్ధతిలో నాణేలు ఒకదాని మీద ఒకటి పడ్డ శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది, నిజానికి అవి ఉన్నది ఆ చేతిలో కాదు. దీని పెద్ద రూపం గాలిలోంచి నాణేలు పట్టి బకెట్‌లో వేసే ట్రిక్. రైల్వే టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా మొదలై "నాణేల రాజు"గా పేరు తెచ్చుకున్న అమెరికన్ నెల్సన్ డౌన్స్ (1867–1938) దీన్ని ఖండాంతరాలకు తీసుకెళ్ళాడు. కుడి చెయ్యి గాలిలో పట్టేది చాలాసార్లు అదే ఒక్క నాణెం. బకెట్ అంచు పట్టుకున్న ఎడమ చేతిలో దాచిన దొంతరలోంచి ఒక్కోటి లోపలికి జారుతుంది. కుడి చెయ్యి వేసినట్టు కదలడమూ, లోపల "ఠంగ్"మనడమూ ఒకేసారి జరిగితే కన్నూ చెవీ కలిసి ఒకే అబద్ధానికి సాక్ష్యం చెబుతాయి.

ఏ నాణెం వాడాలి?

మీ అరచేతికి సరిపోయేది, దూరానికి కనిపించేది. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే అమెరికన్ హాఫ్ డాలర్ 30.6 మిల్లీమీటర్ల వెడల్పు, ఇప్పటి రకం 11.34 గ్రాముల బరువు ఉంటుంది. 1964 దాకా వచ్చినవాటిలో 90 శాతం వెండి, బరువు 12.5 గ్రాములు. పాత వెండి డాలర్ 38.1 మిల్లీమీటర్లు, దాదాపు 26.7 గ్రాములు. వేదిక మీద బాగుంటుంది గానీ చిన్న చేతులకు భారం. అంచు మీద గీతలున్నది నున్నటిదానికన్నా బాగా నిలుస్తుంది. మీరు ఉండేచోట చెల్లుబాటయ్యే నాణెంతో చేస్తే ఎవరికీ అనుమానం రాదు, చూసేవాళ్ళ జేబులోంచే అరువు తెచ్చుకుంటే మరీ మంచిది.

డొల్ల నాణేలు, రెండు వైపులా ఒకే బొమ్మ ఉన్నవి వాడితే తప్పా?

తప్పేం లేదు. కానీ చేతులు రాకముందే వాటిని కొంటే చేతులు ఎప్పటికీ రావు. ఖాళీ చెయ్యిని ఖాళీగా కనబరచడం వాటికీ అవసరమే.

అద్దం ముందు బాగానే వస్తోంది. జనం ముందు పట్టుబడుతున్నాను. ఎందుకు?

అద్దం ముందు మీకు తెలియకుండా మీరే కన్ను ఆర్పుతుంటారు, సరిగ్గా దొంగ పని జరిగే క్షణంలో. కాబట్టి మీకది కనిపించదు. పైగా అద్దం ఒకే కోణం చూపిస్తుంది, చూపును ఎప్పుడూ మీ చేతుల మీదే కట్టేస్తుంది. ఫోన్ కెమెరాతో వీడియో తీసి, మర్నాడు చూడండి. కెమెరాను ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కింద, ఒకసారి నిలబడ్డ మనిషి కళ్ళ ఎత్తులో పెట్టండి. కూర్చున్న పిల్లవాడికి కనిపించేది నిలబడ్డ పెద్దమనిషికి కనిపించదు. శబ్దం లేకుండా కూడా ఒకసారి చూడండి. మాటల ఊతం పోయాక ఏ కదలికకు కారణం లేదో వెంటనే బయటపడుతుంది.

జనం ముందు వచ్చే టెన్షన్ సంగతి వేరు. చేతులు వణికితే వణకనివ్వండి, చాలామంది గమనించరు. గమనించేది మీరు తొందరపడటాన్నే.

చేతిలో ఉందని పట్టేస్తే ఏం చెప్పాలి?

వాదించకండి, చెయ్యి వెనక్కి దాచకండి. తెరిచి చూపించి, నవ్వి, అదే నాణెంతో ఇంకోటి మొదలుపెట్టండి. ఇంటికొచ్చాక మాత్రం వాళ్ళు ఏ క్షణంలో అనుమానించారో గుర్తు చేసుకోండి. సాధారణంగా మీరు పట్టుబడ్డ క్షణానికి కాస్త ముందే అసలు పొరపాటు ఉంటుంది: చూపు దొంగ చేతి మీదికి పోవడమో, మాట మధ్యలో ఆగిపోవడమో.

ఎంతకాలం పడుతుంది? ఎక్కడ నేర్చుకోవాలి?

ఒక మంచి మాయం, ఒక మంచి తిరిగి తెప్పించడం నెలల్లో వస్తాయి. వీడియోలు కదలికను చూపిస్తాయి, పుస్తకాలు ఎందుకో చెబుతాయి. జె. బి. బోబో 1952లో తెచ్చిన పెద్ద గ్రంథాన్ని నాణేలవాళ్ళు ఇప్పటికీ వెతికి చదువుతారు. నాణేల మ్యాజిక్‌లో పేరున్న డేవిడ్ రాత్ చేసిన ప్రదర్శనలు దొరికితే, మొదటిసారి నాణేన్ని కాకుండా ఖాళీ చేతిని మాత్రమే గమనిస్తూ చూడండి.

"మళ్ళీ ఒకసారి చెయ్యి" అంటే?

ముందుగా సిద్ధపడకపోతే చెయ్యకండి. మొదటిసారి వాళ్ళకు ఏం జరగబోతోందో తెలియదు, రెండోసారి ఏ చేతిని చూడాలో తెలుసు. అడగడం ఖాయమని మీకు ముందే తెలుసు కాబట్టి, అదే మాయానికి రెండో దారి ఒకటి ఉంచుకోండి. మొదట రిటెన్షన్ పాస్‌తో మాయం చేశారా, రెండోసారి నాణేన్ని నిజంగానే ఎడమ చేతిలో పెట్టండి. వాళ్ళు కుడి చేతిని చూపించమంటారు. చూపించండి, ఖాళీ. అందరూ ఆ చేతినే చూస్తున్న ఆ కాసేపట్లో ఎడమ చేతిలోని నాణెం ఒళ్ళోకో జేబులోకో పోవడానికి కావాల్సినంత వ్యవధి ఉంటుంది.